రంజన్ పక్కన థర్మామీటరు

2016 మే 31న అర్ధరాత్రి దాటాక వార్ధా జిల్లా పుల్‌గావ్‌లో సైన్యం మందుగుండు డిపో అంటుకుంది. తెల్లారేసరికి మా చంద్రపూర్ జిల్లా బల్లార్షాలో ఎవరి ఫోన్ చూసినా అవే మంటలు. మా అక్క కొడుకు చాయ్ తాగుతూ అడిగాడు: "మామా, ఈ మందు ఎన్ని డిగ్రీలకు అంటుకుంటది? మన ఎండకే అంటుకున్నదా ఏంది?"

రాకెట్లలో వాడే ఘన ఇంధనాన్ని, అంటే ప్రొపెల్లెంటును, పరీక్షించే పనిలో ఇరవై ఏళ్లకు పైగా ఉన్నవాణ్ణి నేను. నన్ను కాక ఇంకెవరిని అడుగుతాడు? ఒక అంకె చెప్పి ఉంటే వాడు చాయ్ ముగించి డ్యూటీకి పోయేవాడు. నేను నీళ్లు నమిలాను. పుల్‌గావ్ సంగతి వేరు, అక్కడ ట్యాంకులను పేల్చే పాత మైన్లలోంచి టీఎన్‌టీ అనే పేలుడు మందు కారడం కారణమని తర్వాత చెప్పారు. దాన్ని పక్కన పెడదాం. వాడి ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు, ఎందుకంటే పెద్ద చదువులు చదివి కుర్చీల్లో కూర్చున్నవాళ్లు కూడా నన్ను అదే అడిగేవారు. "ఎన్ని డిగ్రీల దాకా సేఫ్?" ఎంత మందు, ఎన్నాళ్లు, వేడి బయటికి పోయే దారి ఏది, ఈ మూడూ చెప్పకుండా ఏ అంకె చెప్పినా అది అబద్ధమే. నేను చెప్పదలచుకున్నది ఇంతే, కానీ ఇది ఒంటబట్టడానికి నాకే చాలా ఏళ్లు పట్టింది.

ఎక్కడ పనిచేశానో చెప్పను. ఈ జిల్లాలో కాదని మాత్రం చెబుతాను, లేకపోతే భద్రావతి మందుగుండు ఫ్యాక్టరీలో ఉన్న మా చుట్టాలు పెళ్లిళ్లలో నన్ను పీక్కు తింటారు.

నిజానికి ఈ పాఠం నాకు మొదట చెప్పింది మా బాపు. కరీంనగర్ వైపు నుంచి బొగ్గుబాయి పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. మోకాళ్లు అరిగాక బాయి దిగే పని మాన్పించి, రైల్వే సైడింగ్ దగ్గర బొగ్గు కుప్పలు చూసే పని ఇచ్చారు. ఆయన దగ్గర ఒక ఇనుప చువ్వ ఉండేది, మనిషి ఎత్తుకు మించి పొడుగు. పొద్దున్నే, ఎండ ఎక్కకముందే, కుప్ప పక్కలోంచి ఆ చువ్వను లోపలికి దింపేవాడు. పక్కకు వచ్చి ఒక బీడీ కాల్చేవాడు. బీడీ అయిపోయాక చువ్వ లాగి, మొన నుంచి పైకి మెల్లగా అరచెయ్యి జరుపుకుంటూ పోయేవాడు. ఎక్కడ చెయ్యి ఆగలేకపోతే అక్కడ, కుప్పలో అంత లోతున, బొగ్గు వేడెక్కుతోందన్నమాట. సున్నపు ముక్కతో గుర్తు పెట్టి, తవ్వేవాళ్లను పిలిచేవాడు. పైన చూస్తే కుప్ప మామూలుగానే ఉండేది, పొగ లేదు, వాసన లేదు. "పైన సూస్తే ఏం తెలుస్తదిరా, కుప్ప కడుపు సూడాలె" అనేవాడు.

బొగ్గుకు గాలి తగిలి మెల్లగా వేడి పుడుతుంది. గాలి ధారాళంగా ఆడితే ఆ వేడిని మోసుకుపోతుంది, అసలు ఆడకపోతే వేడే పుట్టదు. అటూ ఇటూ కాకుండా ఆడినప్పుడే ముప్పు. అందుకే కుప్ప మీద డోజరు ఎక్కించి తొక్కిస్తారు. ప్రొపెల్లెంటుతో ఆ ఉపాయం పనికిరాదు. దానికి కావలసిన ఆక్సిజన్ దాని ఒంట్లోనే ఉంటుంది. గాలి బంద్ చేసి దాన్ని ఆపలేం.

పుట్టే వేడికీ పోయే వేడికీ మధ్య ఉన్న ఈ లెక్కను 1928లో రష్యా శాస్త్రవేత్త నికొలాయ్ సెమ్యోనోవ్ కాగితం మీద పెట్టాడు. 1956లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆ లెక్కను మన చెరువు మీద పెట్టి చెప్పుకోవచ్చు. వాగు నీళ్లు చెరువులోకి వస్తాయి, మత్తడి మీంచి పోతాయి. వచ్చేదీ పోయేదీ సమానమైతే చెరువుకు ఢోకా లేదు. కానీ ఇది మామూలు చెరువు కాదు. మట్టం జానెడు పెరిగితే వాగు రెండింతలు పారుతుంది, ఇంకో జానెడు పెరిగితే నాలుగింతలు. మత్తడి మాత్రం పెరిగిన జానెడుకు జానెడే వదులుతుంది. వేడి సంగతి అచ్చం ఇదే. మందులో రసాయన చర్యతో పుట్టే వేడి, ఉష్ణోగ్రతతో పాటు ఎగబాకుతూ పోతుంది. బయటికి పోయే వేడి మాత్రం తేడాకు తగ్గట్టు నిదానంగా పెరుగుతుంది. ఒక మట్టం దాటాక ఆ వాగును ఏ మత్తడీ ఆపలేదు.

తర్వాత 1939లో ఫ్రాంక్-కమెనెట్‌స్కీ అనే శాస్త్రవేత్త ఇందులో సైజు సంగతి తేల్చాడు. ముద్ద మందం రెట్టింపైతే ముప్పు నాలుగింతలు దగ్గరవుతుంది. ప్రొపెల్లెంటు వేడిని చాలా బద్ధకంగా మోస్తుంది. ఒక సెంటీమీటరు దూరం వేడి పాకాలంటే సుమారు 8 నిమిషాలు. ఒక మీటరు పాకాలంటే? నూరు రెట్లు కాదు, పది వేల రెట్లు, అంటే రెండు నెలల దాకా. పెద్ద రాకెట్ మోటారు, అంటే ఇంధనం నింపిన గొట్టం, మే నెలలో ఎండకు వేడెక్కితే ఆ వేడి నడిమధ్యకు చేరేది జూలైలో, బయట వానలు పడుతున్నప్పుడు. లోపల పుట్టిన వేడి బయటికి రావాలన్నా అంతే కాలం కావాలి.

ల్యాబులో మేం పరీక్షించేది ఆవగింజంత ముక్కను. పళ్లెంలో పెట్టి, నిమిషానికి ఇన్ని డిగ్రీలని వేడి పెంచుకుంటూ పోతే యంత్రం గ్రాఫు గీస్తుంది. ప్రొపెల్లెంటుకు ఆక్సిజన్ ఇచ్చే అమ్మోనియం పెర్క్లోరేట్ అయితే 240 డిగ్రీల దగ్గర స్ఫటికం రూపు మార్చుకున్నట్టు ఒక గుంట కనిపిస్తుంది, అసలు విచ్ఛిన్నం ఆ తర్వాతే. ఆ గ్రాఫు చూసి "240 దాకా సేఫ్ అన్నమాట" అని రాసుకుపోయిన అధికారిని నేను కళ్లారా చూశాను. ఆ అంకె ఆవగింజది. ఆవగింజలో పుట్టిన వేడి పుట్టిన క్షణానే పోతుంది. దానికి కడుపే లేదు.

ఈ తేడా తెలియక మనుషులు పోయారు. పత్తిని నైట్రిక్ ఆమ్లంతో కలిపి చేసే నైట్రోసెల్యులోజ్ 1840ల్లో వచ్చింది. పొగ రాదు, బలం ఎక్కువ, సైన్యాలన్నీ ఎగబడ్డాయి. 1847లో ఇంగ్లండు ఫేవర్‌షామ్ ఫ్యాక్టరీ పేలింది. సరిగ్గా కడగని పత్తిలో మిగిలిన ఆమ్లం ఎంత పని చేస్తుందో బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త ఫ్రెడరిక్ ఏబెల్ లాంటివాళ్లు తేల్చేసరికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. ఫ్రెంచి నౌకాదళానికి అంతకంటే పెద్ద దెబ్బ తగిలింది. 1907 మార్చి 12న తూలోన్ రేవులో 'ఇయేనా' యుద్ధనౌక పేలి వందమందికి పైగా పోయారు. అదే రేవులో 1911 సెప్టెంబర్ 25న 'లిబర్తే' పేలి దాదాపు 300 మంది పోయారు. రెండు చోట్లా శత్రువు లేడు. గదుల్లో పేర్చిన, నైట్రోసెల్యులోజ్‌తో చేసిన 'పౌడర్ బి' అనే మందు తనంతట తాను పాడైపోతూ వేడెక్కింది.

నైట్రోసెల్యులోజ్ స్వభావమే అంత. గది ఉష్ణోగ్రతలోనూ అది అణువణువుగా విరుగుతూ నైట్రోజన్ ఆక్సైడ్లను వదులుతుంది. ఆ వాయువులు లోపలే ఉంటే విరగడం ఇంకా వేగమవుతుంది. పాలలో తోడు పడ్డట్టు. అందుకే డైఫినైలమీన్ లాంటి స్టెబిలైజర్ కొద్దిగా కలుపుతారు, అది ఆ వాయువులను పట్టేసుకుంటుంది. నైట్రోగ్లిజరిన్ కూడా కలిసే డబుల్ బేస్ ప్రొపెల్లెంటులో సెంట్రలైట్ లాంటివి వేస్తారు. చిన్న రాకెట్లలో ఎక్కువగా ఉండేది ఈ డబుల్ బేసే. స్టెబిలైజర్ ఉన్నంతకాలం మందు బుద్ధిగా ఉంటుంది. కానీ పట్టుకున్నకొద్దీ అది ఖర్చైపోతుంది. డబ్బాలో ఉప్పు అయిపోవచ్చిందని పైనుంచి చూస్తే తెలుస్తుంది. ఇది మాత్రం రంగు, రూపు, బరువు ఏమీ మారకుండా లోలోపల అయిపోతుంది.

అది తెలుసుకోవడానికి మా దగ్గర పాత పద్ధతి ఒకటి ఉండేది. గాజు గొట్టంలో కొంచెం మందు, పైన వంకాయ రంగు కాగితం ముక్క. మిథైల్ వయొలెట్ పూసిన కాగితం అది. డబుల్ బేస్ అయితే 120 డిగ్రీల దగ్గర ఉంచి గడియారం చూస్తూ కూర్చోవాలి. మందు విడిచే వాయువులు తగిలి ఆ వంకాయ రంగు మెల్లగా గులాబీకి తిరుగుతుంది. ఎంత ఆలస్యంగా తిరిగితే అంత మంచిది. ఒకసారి ఒక లాట్, అంటే ఒకే విడతలో తయారైన మందు, తాలూకు కాగితం నేను రిజిస్టర్‌లో తారీఖు రాసేలోపే అంచుల్లో వెలిసిపోవడం మొదలుపెట్టింది. గొట్టం తప్పేమో అనుకుని మళ్లీ పెట్టాను. మళ్లీ అంతే.

ఆ లాట్ ఎక్కడ నిల్వ ఉందో చూడమని నన్నే పంపారు. వేసవి. రేకుల కప్పు ఉన్న పాత గోదాము, లోపల చిన్న రాకెట్ మోటార్ల పెట్టెలు కప్పుకు చేతికందేంత ఎత్తు దాకా పేర్చి ఉన్నాయి. ఉష్ణోగ్రత రిజిస్టర్ తీశాను. 34, 34, 35, 34. మే నెల మొత్తం అంతే, ఒకే సిరా, ఒకే చేతిరాత. దొంగ లెక్కలు అనుకున్నాను. స్టోర్ చూసే పెద్దాయన మరాఠీ మనిషి, నన్ను "తెలుగు మాస్తర్" అనేవాడు. కోపం తెచ్చుకోలేదు. రా చూపిస్తానని తీసుకెళ్లాడు. థర్మామీటరు వరండాలో, నీళ్ల రంజన్ పక్కన గోడకు వేలాడుతోంది. తడి గోనె చుట్టిన పెద్ద మట్టికుండ అది. అక్కడ నిజంగానే 34 ఉంది. నీళ్లు తాగడానికి ఎలాగూ వస్తాను కదా, అప్పుడే చూసి రాసుకోవచ్చని అక్కడ పెట్టాడట. ఒక్క అంకె కూడా అబద్ధం రాయలేదు పాపం. రంజన్ ఉష్ణోగ్రత ఏళ్ల తరబడి నిజాయితీగా రాశాడు.

నా సంచిలో గరిష్ఠ కనిష్ఠ థర్మామీటరు ఉంది. 'యు' ఆకారపు గొట్టంలో పాదరసం, దాని మీద తేలే సన్నటి ఉక్కు పుల్లలు. పాదరసం పుల్లను తోసుకుపోయి, తాను వెనక్కి తగ్గినా పుల్లను అక్కడే వదిలేస్తుంది. అయస్కాంతంతో దాన్ని మళ్లీ కిందికి దింపాలి. దాన్ని పై వరస పెట్టెల మీద, రేకుల కింద పెట్టి వచ్చాను. మర్నాడు చూస్తే పై పుల్ల 51 దగ్గర ఆగి ఉంది. నాకు ఇంకా ఎక్కువ గుబులు పుట్టించింది కింది పుల్ల. రాత్రి కూడా అది 38కి దిగలేదు. మత్తడి దారి మూసుకుపోయిందన్నమాట. కింది వరస పెట్టెల్లోంచి తెచ్చిన మందులో స్టెబిలైజర్ పర్వాలేదు. పై వరసలో బాగా తగ్గిపోయింది. అదే లాట్, అదే తయారీ తేదీ, అదే గోదాము.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పుకోవాలి. నాటో దేశాల ప్రమాణంలో ఒక పరీక్ష ఉంది. మందును 80 డిగ్రీల దగ్గర 10.6 రోజులు ఉంచి, అది విడిచే వేడిని కొలుస్తారు. అది 25 డిగ్రీల దగ్గర పదేళ్లు నిల్వ ఉంచినదానికి సమానమని వాళ్ల లెక్క. మా చంద్రపూర్ జిల్లాలో మే నెలలో 46, 47 అంటే పేపర్‌వాడు మొదటి పేజీలో కూడా వేయడు. అదే లెక్కన 25 దగ్గర ఒక వంతు పాడయ్యే మందు 47 దగ్గర తొమ్మిది వంతులు పాడవుతుంది. ఇప్పుడు అసలు తిరకాసు. రోజులో సగం 25, సగం 47 ఉందనుకోండి. సగటు 36 అని రిజిస్టర్‌లో రాస్తారు. 36 దగ్గర పాడయ్యే వేగం మూడు రెట్లు. నిజంగా జరిగింది ఒకటీ తొమ్మిదీ కలిపి సగం, అంటే ఐదు రెట్లు. సగటు రాసిన ప్రతిసారీ మందు వయసును తక్కువ చేసి చెబుతున్నాం. వేడి గంటలు చల్లటి గంటలతో చెల్లిపోవు.

నేను రిపోర్టు ఇచ్చాను. పైఅధికారి చదివి, "ఇన్నేళ్లుగా ఏమీ కాలేదు కదా, లేనిపోని టెన్షన్ ఎందుకు" అన్నాడు. ఆ లాట్‌ను తీసి కాల్చేయడానికి ఏడాదిన్నర పట్టింది. ఏమీ జరగలేదు. నా వాదనలోని బలహీనత కూడా అదే, దాచను. ఏమీ జరగని చోటును చూపించి "ప్రమాదం తప్పింది" అంటే ఎవడు నమ్ముతాడు? మా బాపు తవ్వించిన కుప్పలు కూడా అంటుకోలేదు. అనవసరంగా కూలీ ఖర్చు పెడుతున్నాడని ఆయన్నీ తిట్టారు.

అన్ని ప్రొపెల్లెంట్లనూ ఒకే గాటన కట్టొద్దు. ఇస్రో రాకెట్ పీఎస్‌ఎల్‌వీ మొదటి దశలో 138 టన్నుల పైచిలుకు, ఇంకా పెద్ద రాకెట్ ఎల్‌వీఎం3 పక్కన నిలబడే ఒక్కో ఎస్200 బూస్టరులో 200 టన్నుల పైచిలుకు మందు పోస్తారు. అది నైట్రోసెల్యులోజ్ కాదు. అమ్మోనియం పెర్క్లోరేట్, అల్యూమినియం పొడి, హెచ్‌టీపీబీ అనే రబ్బరు కలిసిన కాంపోజిట్. రసాయనపరంగా గట్టిపిండం. రబ్బరు గట్టిపడటం కోసం దాన్ని రోజుల తరబడి 60 డిగ్రీల దగ్గర ఉడకబెడతారు, మా ఊరి ఎండ దానికి ఒక లెక్కా? కానీ దానికి వేరే కష్టాలు. రబ్బరు ఏళ్లు గడిచేకొద్దీ పెళుసవుతుంది. వేడికి, చలికి ఇంధనం సాగినంత, ముడుచుకున్నంత బయటి లోహపు గొట్టం సాగదు, ముడుచుకోదు. ఆ లాగుడుకు ఎక్కడో అంటు ఊడుతుంది, పగులు పడుతుంది. వెలిగించాక మంట ఆ పగుల్లోకి దూరితే మండే వైశాల్యం ఒక్కసారి పెరిగి గొట్టంలో ఒత్తిడి హద్దు దాటుతుంది. నిల్వలో బుద్ధిగా ఉన్న మందు ప్రయోగం రోజున కక్ష తీర్చుకుంటుంది. అలాగని పెర్క్లోరేట్‌ను కుప్ప పోసి కూర్చోవచ్చని కాదు. 1986లో ఛాలెంజర్ కూలి అమెరికా షటిల్ ప్రయోగాలు ఆగిపోయాక, వాడేవాళ్లు లేక నెవాడాలోని పెప్‌కాన్ ఫ్యాక్టరీలో నాలుగు వేల టన్నుల దాకా పేరుకుపోయింది. 1988 మే 4న అది పేలింది. ఇద్దరు పోయారు, వందల మంది గాయపడ్డారు. అది దానంతటదే వేడెక్కిందని అనడం లేదు. నిప్పు రాజుకుంది సరే, అంత విధ్వంసం చేసింది పేరుకున్న ఆ కుప్ప.

నా మీద వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. "మెల్లటి వేడి సంగతి సరే, అసలు ప్రాణాలు తీసేది రాపిడి, స్టాటిక్ కరెంటు కదా" అంటారు. నిజమే. 2003 ఆగస్టు 22న బ్రెజిల్‌లో అల్కాంటారా ప్రయోగ కేంద్రంలో ఘన ఇంధన మోటారు అనుకోకుండా వెలిగి 21 మంది పోయారు. ఆర్నెల్లకు, 2004 ఫిబ్రవరి 23న, మన శ్రీహరికోటలోనే ఘన ఇంధన విభాగంలో మంటలు లేచి ఆరుగురు పోయారు. ఆ భయం ఉండాల్సిందే. కాళ్లకు స్టాటిక్ రాని బూట్లు, చేతికి ఇత్తడి పనిముట్లు, అన్నీ కావాల్సిందే. నా ఫిర్యాదు ఒక్కటే. నిప్పురవ్వకు భయపడటం అందరికీ వచ్చు, ఎందుకంటే అది కంటికి కనిపిస్తుంది. గేటు దగ్గర అగ్గిపెట్టె లాక్కునే గార్డుకు జీతం ఇస్తాం, లోపల థర్మామీటరు ఎక్కడ పెట్టాలో ఎవడికీ చెప్పం.

కంటికి కనిపించే వేడిని కూడా తక్కువ అంచనా వేసిన సందర్భాలున్నాయి. 1969 జనవరి 14న అమెరికా 'ఎంటర్‌ప్రైజ్' నౌక మీద విమానాలను స్టార్ట్ చేసే బండి ఒకటి ఉంది. దాని పొగగొట్టం వేడిగాలి ఒక ఫాంటమ్ విమానం రెక్క కింద ఉన్న జూని రాకెట్‌కు తగులుతూ ఉంది. మంట లేదు, రవ్వ లేదు, వట్టి వేడిగాలి. రాకెట్ తలలోని పేలుడు పదార్థం ఉడికి పేలింది. 28 మంది పోయారు. ఆ తర్వాతి కాలంలో మందుగుండును ఉడికించి చూసే పరీక్షలు కట్టుదిట్టమయ్యాయి. ఒకటి ఇంధనం మంటలో పడేయడం. ఇంకోటి గంటకు 3.3 డిగ్రీల లాంటి నిదానపు వేగంతో వేడి పెంచుకుంటూ పోవడం. మొదటిదే ఘోరమని ఎవరైనా అనుకుంటారు. చాలాసార్లు రెండోదే ఘోరం. మంటలో పడ్డది బయటి పొర ముందు అంటుకుని, గొట్టం చీలి, భగ్గున మండిపోతుంది. మెల్లగా ఉడికింది మాత్రం లోపలంతా సమంగా వేడెక్కి, నడుమ ఎక్కడో మొదలై, ఒక్కసారిగా పేలుతుంది. అదీ మొదటిదానికంటే తక్కువ ఉష్ణోగ్రత దగ్గరే. "ఎన్ని డిగ్రీలకు అంటుకుంటది" అన్నదానికి ఒకే మందు రెండు జవాబులు చెబుతుంది.

ఆ మేనల్లుడు ఇప్పుడు రాజురా వైపు ఒక సున్నపురాయి క్వారీలో మ్యాగజైన్, అంటే పేలుడు సామాను దాచే గది, చూస్తున్నాడు. వాళ్ల మందు వేరు, ప్రొపెల్లెంటు కాదు. అయినా ఉద్యోగంలో చేరిన వారానికే ఫోన్ చేయించుకుని, మీ దగ్గర థర్మామీటరు ఎక్కడుందని అడిగాను. తలుపు పక్కన, స్విచ్చు బోర్డు కింద అన్నాడు. తీసి పై వరస మీద పెట్టమన్నాను. నవ్వాడు కానీ పెట్టాడు. మొన్న మేలో మధ్యాహ్నం మూడింటికి తనే చేశాడు.

"మామా, లోపల 41 ఉన్నది."

"బయట?"

"46. మట్టి కట్ట ఉన్నది కదా, లోపల సల్లగనే ఉన్నది."

"రాత్రి ఎంతకు దిగింది?"

కాసేపు మాట లేదు.

"రాత్రి సూడలే మామా."

"ఇయ్యాల సూడు" అన్నాను.